వీస్ఫియర్ వెబ్ క్లయింటు మందగమనం

వీస్ఫియర్ వెబ్ క్లయింటు అనేది వర్చువల్ సర్వర్లను బ్రౌజరు ద్వారా నిర్వహించడానికి అమెరికాకు చెందిన వీఎంవేర్ సంస్థ రూపొందించిన సాఫ్టువేరు. ఇది 2011లో వీస్ఫియర్ 5.0 కూర్పుతో వెలువడింది. 2020లో వచ్చిన 7.0 కూర్పులో దీనిని పూర్తిగా తొలగించారు. ఈ తొమ్మిదేళ్ళలో దీనికి వచ్చిన ప్రధానమైన అపఖ్యాతి నెమ్మదితనం. ఒక పేజీ తెరుచుకోవడానికి పదుల సెకన్లు, లాగిన్ కావడానికి కొన్నిసార్లు నిమిషాలు పట్టేవి. ఈ మందగమనానికి కొంతవరకు దాని నిర్మాణమే కారణమైనా, అధిక సందర్భాలలో అసలు కారణం సర్వరు వైపు సరిదిద్దగలిగిన చోట ఉండేది. దీని స్థానంలో వచ్చిన హెచ్‌టీఎంఎల్5 క్లయింటుకు కూడా ఆ సర్వరు వైపు కారణాలు అలాగే వర్తిస్తాయి.

నేపథ్యం

ఒకే భౌతిక సర్వరు మీద అనేక వర్చువల్ యంత్రాలను నడిపే పొరను హైపర్‌వైజర్ అంటారు. వీఎంవేర్ వారి హైపర్‌వైజర్ పేరు ఈఎస్‌ఎక్స్‌ఐ. ఇటువంటి సర్వర్లు పదులు, వందలు చేరినప్పుడు వాటన్నిటినీ ఒకచోట నుంచి చూసుకోవడానికి వీసెంటర్ సర్వరు అనే కేంద్ర సాఫ్టువేరును వాడతారు. వర్చువల్ యంత్రాన్ని సృష్టించడం, ఆపడం, నడుస్తుండగానే ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు తరలించడం వంటి పనులను వీసెంటర్ ద్వారా చేస్తారు.

మొదట్లో వీసెంటర్‌తో మాట్లాడటానికి విండోసు కంప్యూటరులో స్థాపించుకొనే ఒక ప్రోగ్రాము ఉండేది. సీ షార్ప్ భాషలో డాట్‌నెట్ ఆధారంగా రాసిన ఈ ప్రోగ్రామును నిర్వాహకులు సీ షార్ప్ క్లయింటు అనీ, మందపాటి క్లయింటు అనీ పిలిచేవారు. అది నేరుగా వీసెంటర్‌తో సంబంధం పెట్టుకొని, అవసరమైన సమాచారాన్ని తన వద్దే ఉంచుకొనేది కనుక చురుకుగా పనిచేసేది. దాని లోపమల్లా విండోసులో తప్ప నడవకపోవడం, వీసెంటర్ కూర్పు మారినప్పుడల్లా క్లయింటును కూడా మార్చుకోవలసి రావడం.

ఈ ఇబ్బందులను తొలగించడానికి వీఎంవేర్ వెబ్ మార్గాన్ని ఎంచుకొన్నది. అప్పటికి బ్రౌజరులో సంక్లిష్టమైన తెరలను నిర్మించడానికి అడోబ్ ఫ్లాష్, దాని మీద ఆధారపడిన ఫ్లెక్స్ అనే సాధన సామగ్రి ప్రచారంలో ఉన్నాయి. వెబ్ క్లయింటును ఫ్లెక్స్‌తోనే నిర్మించారు. 2011 నాటికి అది వింత నిర్ణయమేమీ కాదు. కాకపోతే ఫ్లాష్ భవిష్యత్తు గురించిన సందేహాలు అప్పటికే మొదలయ్యాయి. 5.0 కూర్పులోని వెబ్ క్లయింటు కొన్ని పనులకే పరిమితం. 2012లో వచ్చిన 5.1 నుంచి కొత్త సౌకర్యాలన్నీ వెబ్ క్లయింటులో మాత్రమే ఇవ్వడం మొదలుపెట్టారు. 2013 నాటి 5.5లో వర్చువల్ హార్డువేరు 10వ కూర్పు సౌకర్యాలను మార్చాలంటే కూడా వెబ్ క్లయింటే దిక్కయింది. నిర్వాహకులు చాలామంది ఇష్టం లేకపోయినా ఇటు మళ్ళవలసి వచ్చింది. చేతికి అలవాటైన చురుకైన పనిముట్టును తీసుకొని నత్తనడక పనిముట్టును ఇచ్చారన్న అసంతృప్తి అప్పటినుంచే ఉన్నది.

ఒక నొక్కు చేసే ప్రయాణం

మందగమనాన్ని సరిదిద్దాలంటే తెర మీద ఒకచోట నొక్కినప్పుడు ఏమి జరుగుతుందో తెలియాలి. బ్రౌజరులోని ఫ్లాష్ భాగం ఆ అభ్యర్థనను వెబ్ క్లయింటు సర్వరుకు పంపుతుంది. ఇది జావాలో రాసిన మధ్యవర్తి సర్వరు. 5.1, 5.5 కూర్పులలో దీనిని వేరే విండోసు యంత్రంలో కూడా స్థాపించుకోగలిగేవారు. 6.0 నుంచి ఇది వీసెంటర్‌తో కలిసే వస్తుంది. ఈ మధ్యవర్తి లాగిన్ విషయమై సింగిల్ సైన్ ఆన్ సేవను సంప్రదిస్తుంది, యంత్రాల జాబితాల కోసం, తాజా స్థితి కోసం వీసెంటర్ ప్రధాన సేవను అడుగుతుంది. ప్రధాన సేవ తన డేటాబేసును చూస్తుంది, అవసరమైతే ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వర్లలో ఉన్న తన ప్రతినిధి ప్రక్రియలను అడుగుతుంది. జవాబు తిరిగి ఇదే దారిలో వెనక్కి వస్తుంది.

ఈ గొలుసులో ఏ ఒక్క కడియం ఆలస్యం చేసినా తెర మీద కనబడేది ఒకే దృశ్యం. సగం నిండిన పేజీ, తిరుగుతూ ఉండే చక్రం. ఏ కడియం ఆలస్యం చేస్తున్నదో తెర చెప్పదు. అందుకే వెబ్ క్లయింటు నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదు జ్వరం వచ్చిందన్న ఫిర్యాదు వంటిది. అది లక్షణమే కాని రోగం పేరు కాదు.

ఆలస్యం వలన ముప్పు

నిర్వహణ తెర నెమ్మదించినంత మాత్రాన వర్చువల్ యంత్రాలు నెమ్మదించవు. అవి ఈఎస్‌ఎక్స్‌ఐ మీద తమ మానాన తాము నడుస్తూనే ఉంటాయి. ఒక భౌతిక సర్వరు పాడైతే దాని మీది యంత్రాలను వేరే సర్వరులో తిరిగి ప్రారంభించే హెచ్‌ఏ సదుపాయం కూడా, ఒకసారి అమర్చిన తరువాత, వీసెంటర్ లేకుండానే పనిచేస్తుంది. ఈ సంగతి తెలియక తెర స్తంభించగానే సర్వర్లన్నీ పోయాయని కంగారు పడేవారున్నారు. అలా కంగారుపడి ఆరోగ్యంగా ఉన్న సర్వరును రీబూట్ చేయడం వలన కలిగే నష్టం మందగమనం వలన కలిగే నష్టం కంటే ఎక్కువ.

అయితే ముప్పు లేదని కాదు. యంత్రాలను తరలించడం, భారాన్ని సర్వర్ల మధ్య సర్దడం వీసెంటర్ ద్వారానే జరుగుతాయి. ఒక సర్వరులో జ్ఞాపకం నిండిపోతూ యంత్రాలను వెంటనే వేరేచోటికి తరలించవలసిన వేళ, ఒక్కొక్క నొక్కుకు నిమిషం పడితే నిర్వాహకుని చేతులు కట్టేసినట్లే. మరొక ముప్పు దీనికంటే సూక్ష్మమైనది. తెర మీద కనబడే స్థితి పాతది కావచ్చు. వెబ్ క్లయింటు తొలి కూర్పులలో ఇతర నిర్వాహకులు చేసిన మార్పులు తెరను తాజాపరచే బొత్తాము నొక్కితే తప్ప కనబడేవి కావు. జాబితా ఆలస్యంగా జరిగి ఒక యంత్రం ఉన్నచోటికి మరొక యంత్రం వచ్చిన క్షణంలో ఆపివేసే ఆజ్ఞను నొక్కితే, ఆగకూడని యంత్రం ఆగుతుంది. నెమ్మదించిన తెర మీద పనిచేసేటప్పుడు నిర్ధారణ కోరే చిన్న కిటికీలో యంత్రం పేరు చదవకుండా ముందుకు పోరాదు. స్పందన రాలేదని రెండోసారి నొక్కడం కూడా మంచిది కాదు. మొదటి నొక్కు ఈపాటికే వీసెంటర్‌కు చేరి ఉండవచ్చు. ఇటీవలి పనుల జాబితాలో అది నమోదయిందో లేదో చూసుకొని తరువాతి అడుగు వేయాలి.

లోపం ఉన్న చోటును తేల్చడం

మరమ్మత్తులో తొలి ప్రశ్న: ఆలస్యం తెరలో ఉన్నదా, తెర వెనుక వీసెంటర్‌లో ఉన్నదా? దీనిని తేల్చడానికి మేలైన ఉపాయం అదే సమాచారాన్ని వేరే దారిలో అడగడం. పవర్‌సీఎల్ఐ అనే ఆజ్ఞల సాధనం వెబ్ క్లయింటు సర్వరును తాకకుండా నేరుగా వీసెంటర్‌తో మాట్లాడుతుంది. దానితో వర్చువల్ యంత్రాల జాబితాను అడిగినప్పుడు వెంటనే వస్తే వీసెంటర్, డేటాబేసు బాగానే ఉన్నట్లు, లోపం మధ్యవర్తి సర్వరులోనో బ్రౌజరులోనో ఉన్నట్లు. అది కూడా ఆలస్యమైతే బ్రౌజరు మార్చడం, కాషె తుడవడం వంటి పనులతో కాలం వృథా చేయనక్కరలేదు.

రెండవ పరీక్ష, వేరే కంప్యూటరు నుంచి, వేరే బ్రౌజరులో, సాధ్యమైతే వీసెంటర్ ఉన్న నెట్‌వర్కులోనే ఉన్న యంత్రం నుంచి లాగిన్ అయి చూడటం. అక్కడ వేగంగా ఉంటే లోపం దూరానిది, లేదా మొదటి కంప్యూటరుది. మూడవది, ఒక ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వరులోకి దాని సొంత హోస్ట్ క్లయింటు ద్వారా నేరుగా వెళ్ళడం. 2016లో 6.0 రెండవ నవీకరణతో మొదలుపెట్టి ఈ క్లయింటు ఈఎస్‌ఎక్స్‌ఐలోనే లభిస్తున్నది. ఆ సర్వరు చురుకుగా స్పందిస్తే కింది పొర బాగున్నట్లే. 6.5, 6.7 కూర్పులలో పాత ఫ్లాష్ క్లయింటు, కొత్త హెచ్‌టీఎంఎల్5 క్లయింటు రెండూ పక్కపక్కనే ఉండేవి కనుక పరీక్ష ఇంకా సులభం. రెండూ నెమ్మదిగా ఉంటే ఫ్లాష్‌ను నిందించి లాభం లేదు.

ఈ మూడు పరీక్షలకు పది నిమిషాలు చాలు. వీటిని చేయకుండా నేరుగా మరమ్మత్తుకు దిగినవారు రోజుల తరబడి తప్పుచోట వెదకడం మామూలు.

ఎప్పుడు నెమ్మదిస్తున్నదో గమనించడం కూడా ముఖ్యం. లాగిన్ మాత్రమే ఆలస్యమై తరువాత అంతా బాగుంటే దాని కారణం ఒకటి. ప్రతి పేజీ ఆలస్యమైతే మరొకటి. పనితీరు రేఖాచిత్రాలు, సంఘటనల జాబితా తెరిచినప్పుడు మాత్రమే ఆగిపోతే డేటాబేసును అనుమానించాలి. ప్రతి రాత్రి ఒకే వేళ నెమ్మదిస్తే ఆ వేళకు నడిచే బ్యాకప్ పనిని చూడాలి.

బ్రౌజరు వైపు కారణాలు

ఫ్లాష్ క్లయింటులో పని భారం చాలావరకు వినియోగదారు కంప్యూటరు మీదనే పడేది. పాత కంప్యూటరులో ఒక సీపీయూ కోర్ పూర్తిగా ఫ్లాష్‌కే సరిపోయేది. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా పనిచేసేవారికి ఇది మరీ ఎక్కువ. ఫ్లాష్ గీసిన ప్రతి కదలికనూ ఆ సాధనం మళ్ళీ బొమ్మగా పంపవలసి వచ్చేది. అయినా వీసెంటర్ వేరే నగరంలో ఉన్నప్పుడు రిమోట్ డెస్క్‌టాపే మేలు. ఒక పేజీ కోసం బ్రౌజరు, సర్వరు మధ్య ఎన్నో చిన్న చిన్న సంభాషణలు జరుగుతాయి. ఒక్కొక్క సంభాషణకు దూరం వలన కలిగే జాప్యం చేరుతూ పోతుంది. బ్రౌజరును వీసెంటర్ పక్కన ఉంచి, దాని తెరను మాత్రం దూరం నుంచి చూస్తే ఆ సంభాషణలన్నీ స్థానికంగా ముగుస్తాయి.

ఫ్లాష్ నిల్వ పరిమితిని పెంచడం, కాషె తుడవడం వంటి చిట్కాలు ఆ రోజుల్లో విరివిగా చలామణి అయ్యాయి. వాటివలన కొద్దిపాటి మెరుగుదల ఉండేది. కాషె తుడవడం వలన నిజమైన లాభం వీసెంటర్ కూర్పు మార్చిన వెంటనే కనబడేది. పాత కూర్పు ఫైళ్ళు బ్రౌజరులో మిగిలిపోయి కొత్త సర్వరుతో పొసగక ఇబ్బంది పెట్టేవి.

ఫ్లాష్ నవీకరణలు కూడా సమస్య తెచ్చాయి. 2017 అక్టోబరులో వెలువడిన ఫ్లాష్ 27.0.0.170 కూర్పుతో వెబ్ క్లయింటు తెరవగానే ఫ్లాష్ కుప్పకూలేది. అదే నెలలో అడోబ్ మరొక కూర్పు ఇచ్చేవరకు చాలామంది పాత ఫ్లాష్‌కు తిరిగి వెళ్ళవలసి వచ్చింది. తమ సర్వర్లలో ఏమీ మారకపోయినా ఒక ఉదయం నిర్వహణ తెర పనిచేయకపోవడం చాలామందికి ఫ్లాష్ మీద మిగిలిన నమ్మకాన్ని కూడా పోగొట్టింది.

ఫ్లాష్ క్లయింటు సర్వరుతో ఏఎంఎఫ్ అనే యంత్రరూపంలో మాట్లాడేది. అందువలన బ్రౌజరులోని పరిశీలన సాధనాలతో ఒక్కొక్క అభ్యర్థనకు పట్టిన కాలం తెలిసేదే కాని, అందులోని విషయం చదవడానికి వీలయ్యేది కాదు. ఆ కాలం తెలిసినా చాలు. అభ్యర్థనలన్నీ త్వరగా ముగిసి తెర మాత్రం ఆలస్యంగా నిండితే లోపం కంప్యూటరుది. ఒకే ఒక అభ్యర్థన ముప్పై సెకన్లు వేలాడితే లోపం సర్వరు వైపుది.

జ్ఞాపకం కొరత

సర్వరు వైపు కారణాలలో మొదట చూడవలసినది వీసెంటర్‌కు కేటాయించిన జ్ఞాపకం, అంటే ర్యామ్. వెబ్ క్లయింటు సర్వరు జావా ప్రక్రియ. దానికి ఇచ్చిన జ్ఞాపకం నిండిపోతే, పనికిరాని వస్తువులను ఏరివేసే పనిలోనే జావా ఎక్కువ కాలం గడుపుతుంది. ఆ సమయంలో వినియోగదారులకు జవాబు రాదు. సీపీయూ వాడకం మాత్రం ఎక్కువగా కనబడుతుంది. చాలామంది దీనిని సీపీయూ చాలకపోవడంగా పొరబడి కోర్‌లు పెంచేవారు. లాభం ఉండేది కాదు.

వీసెంటర్ ఉపకరణాన్ని స్థాపించేటప్పుడు పరిమాణం ఎంచుకోవాలి. అన్నిటికంటే చిన్న పరిమాణం 10 సర్వర్లకు, 100 వర్చువల్ యంత్రాలకు ఉద్దేశించినది. దానికి 6.0లో 8 జీబీ, 6.5, 6.7లలో 10 జీబీ, 7.0లో 12 జీబీ, 8.0లో 14 జీబీ ర్యామ్ నిర్దేశించారు. కూర్పు కూర్పుకూ పెరుగుతున్న ఈ అంకెలలోనే ఒక పాఠం ఉన్నది. ఒకప్పుడు సరిపోయిన కేటాయింపు నవీకరణ తరువాత సరిపోకపోవచ్చు. దీని తరువాతి పరిమాణం 100 సర్వర్లకు, 1000 యంత్రాలకు. మొదట కొద్ది సర్వర్లతో మొదలై ఇరవైకి చేరిన సంస్థ ఇంకా చిన్న పరిమాణంతోనే నెట్టుకొస్తూ ఉండటం తరచు కనబడే స్థితి. ఈ పరిమితులు గీత దాటగానే పనిచేయడం మానేసే రకం కాదు. గీత దాటిన కొద్దీ నెమ్మదిగా, ఎవరూ గమనించనంతగా, స్పందన తగ్గుతూ వస్తుంది.

5.x కూర్పులలో వెబ్ క్లయింటుకు జావా జ్ఞాపకం పెంచాలంటే ఒక అమరిక ఫైలును చేత్తో దిద్దాలి. 6.0 నుంచి ఉపకరణం తనకున్న మొత్తం ర్యామ్‌ను బట్టి ప్రతి సేవకూ వాటా తానే లెక్కగడుతుంది. అందువలన ఉపకరణాన్ని ఆపి, ర్యామ్ పెంచి, తిరిగి నడిపితే సరిపోతుంది. చేత్తో దిద్దిన వాటాలు ఇతర సేవలకు కొరత తెచ్చే ప్రమాదమున్నది. ర్యామ్ నిజంగా చాలడం లేదా అన్నది తేల్చడానికి ఉపకరణంలో ఉన్న విమ్‌టాప్ అనే సాధనం ఉపయోగపడుతుంది. అది ఒక్కొక్క సేవ ఎంత జ్ఞాపకం, ఎంత సీపీయూ వాడుతున్నదో పేర్లతో సహా చూపుతుంది. 5480 పోర్టులో తెరుచుకొనే ఉపకరణ నిర్వహణ పేజీలో కూడా 6.5 నుంచి ఈ వివరాలు రేఖాచిత్రాలుగా దొరుకుతాయి. ప్రధాన తెర స్తంభించినా ఈ పేజీ తెరుచుకొనే అవకాశం ఎక్కువ కనుక దీని చిరునామా గుర్తుంచుకోవడం మంచిది.

లాగిన్ మాత్రమే ఆలస్యమైతే

లాగిన్ వేళ సింగిల్ సైన్ ఆన్ సేవ వినియోగదారుని గుర్తింపును సరిచూస్తుంది. సంస్థ వినియోగదారుల పట్టిక మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీలో ఉంటే, ఆ డొమైన్‌ను నడిపే సర్వర్లలో ఒకదానిని సంప్రదిస్తుంది. ఆ సర్వర్లలో ఒకటి తొలగించినదో, ఫైర్‌వాల్ అవతల ఉన్నదో అయితే దాని జవాబు కోసం గడువు తీరేదాకా వేచి, తరువాత రెండవదాని దగ్గరకు వెళ్తుంది. లాగిన్‌కు పట్టే కాలం ప్రతిసారీ దాదాపు ఒకే సంఖ్య అయితే, ఉదాహరణకు ప్రతిసారీ ముప్పై సెకన్లయితే, అది గడువు తీరే ఆలస్యమని గట్టిగా అనుమానించవచ్చు. నిజమైన భారం వలన కలిగే ఆలస్యం ఇంత క్రమబద్ధంగా ఉండదు. వినియోగదారుడు ఎన్నో గుంపులలో, గుంపులలోని గుంపులలో సభ్యుడైనా ఈ వెదుకులాట పెరుగుతుంది. పరీక్షించడానికి సులువైన దారి ఒకటున్నది. వీసెంటర్ సొంత నిర్వాహక ఖాతాతో లాగిన్ కావాలి. ఆ ఖాతా డైరెక్టరీని తాకదు. అది వెంటనే తెరుచుకొంటే దోషం డైరెక్టరీ దారిలో ఉన్నది.

డీఎన్ఎస్ సంగతి కూడా ఇక్కడే. వీసెంటర్, ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వర్ల పేర్లు చిరునామాలుగానూ, చిరునామాలు తిరిగి పేర్లుగానూ మారగలగాలి. పేరు నుంచి చిరునామాకు దారి ఉండి, చిరునామా నుంచి పేరుకు లేకపోవడం తరచు జరిగే పొరపాటు. గడియారాలలో తేడా ఉన్నా గుర్తింపు పత్రాలు చెల్లక లాగిన్ విఫలమవుతుంది. అన్ని సర్వర్లకూ ఒకే ఎన్‌టీపీ మూలం ఇవ్వాలి.

దిక్కులేని ప్లగిన్లు

బ్యాకప్, స్టోరేజి, నెట్‌వర్కు సంస్థలు తమ ఉత్పత్తులను వెబ్ క్లయింటులో చూపడానికి ప్లగిన్లు ఇస్తాయి. ప్లగిన్ వివరాలు, దాని ఫైలు దొరికే చిరునామా వీసెంటర్‌లో నమోదవుతాయి. వెబ్ క్లయింటు ఆ చిరునామా నుంచి ప్లగిన్‌ను దింపుకొంటుంది. ప్రయోగార్థం తెచ్చిన ఒక బ్యాకప్ ఉత్పత్తిని కొన్ని నెలల తరువాత తీసివేశారనుకొందాం. ఆ సర్వరు పోయింది కాని, వీసెంటర్‌లో నమోదు అలాగే మిగిలింది. వెబ్ క్లయింటు లేని సర్వరును పిలుస్తూ గడువు తీరేదాకా వేచి ఉంటుంది. ఇటువంటివి మూడు నాలుగు చేరితే ప్రారంభానికే నిమిషాలు పడుతుంది. ఉత్పత్తిని తొలగించేటప్పుడు దాని సొంత తొలగింపు విధానాన్ని పాటించకుండా వర్చువల్ యంత్రాన్ని చెరిపివేయడమే దీనికి మూలం.

దీనిని సరిదిద్దడానికి వీసెంటర్‌లోని నిర్వహిత వస్తువుల బ్రౌజరు అనే పేజీని తెరవాలి. అందులో పొడిగింపుల నిర్వాహక విభాగంలో నమోదైన ప్లగిన్ల జాబితా ఉంటుంది. పనికిరాని దాని పూర్తి పేరును నమోదు రద్దు చేసే ఆజ్ఞకు ఇచ్చి, తరువాత వెబ్ క్లయింటు సేవను తిరిగి ప్రారంభించాలి. ఈ పేజీ తప్పులను మన్నించదు. వీఎంవేర్ సొంత భాగాలు కూడా ఇదే జాబితాలో ఉంటాయి. పేరు నిర్ధారించుకోకుండా రద్దు చేస్తే పనిచేస్తున్న భాగమే పోతుంది. ముందుగా వీసెంటర్ బ్యాకప్ తీసుకోవడం తప్పనిసరి.

డేటాబేసు

వీసెంటర్ చేసే ప్రతి పని, దాని కంటపడే ప్రతి సంఘటన డేటాబేసులో ఒక వరుసగా చేరుతుంది. దీనికితోడు పనితీరు గణాంకాలు. వీటి నిల్వ పద్ధతి ఇలా ఉంటుంది. 5 నిమిషాలకొకటి చొప్పున తీసిన లెక్కలు ఒక రోజు, వాటిని కుదించిన అరగంట లెక్కలు ఒక వారం, 2 గంటల లెక్కలు ఒక నెల, రోజువారీ లెక్కలు ఒక సంవత్సరం నిలువ ఉంటాయి. లెక్కల వివరానికి 1 నుంచి 4 వరకు స్థాయిలు ఉన్నాయి. మామూలుగా ఉండేది 1వ స్థాయి. ఏదో సమస్యను పరిశోధించడానికి 3 లేదా 4కు పెంచి, పని అయ్యాక తగ్గించడం మరచిపోతే డేటాబేసు ఉబ్బుతుంది. లక్షల వరుసలున్న పట్టికలో వెదకడం ఆలస్యమై, ఆ ఆలస్యం తెర మీదికి వస్తుంది.

విండోసు మీద నడిచిన వీసెంటర్‌లలో ఇంకొక చిక్కు ఉండేది. కుదించే పనులను ఎస్‌క్యూఎల్ సర్వరులోని కాలక్రమ సేవ చేసేది. ఆ సేవ ఆగిపోయినా, డేటాబేసును వేరే సర్వరుకు మార్చినప్పుడు ఆ పనులను మళ్ళీ సృష్టించకపోయినా లెక్కలు కుదించబడక గుట్టపడేవి. చిన్న సంస్థలు ఎక్కువగా వాడిన ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ 2008 ఆర్2 కూర్పుకు డేటాబేసు పరిమితి 10 జీబీ. అది 5 సర్వర్లకు, 50 యంత్రాలకు మాత్రమే ఉద్దేశించినది. 10 జీబీ నిండిన రోజున నెమ్మదితనం పోయి వీసెంటర్ సేవే ఆగిపోయేది.

ఉపకరణంలో పోస్ట్‌గ్రెస్ ఆధారిత డేటాబేసు ఇమిడి ఉంటుంది. గణాంకాలు, సంఘటనలు, హెచ్చరికలు, పనులకు ప్రత్యేకమైన డిస్కు ఉంటుంది. లాగ్‌లకు వేరొకటి. ఈ రెండిటిలో ఏది నిండినా సేవలు ఆగుతాయి. నిండబోయే ముందు దశలో మాత్రం నెమ్మదితనమే కనబడుతుంది. డిస్కును పెద్దది చేసి, ఉపకరణంలోని విస్తరణ ఆజ్ఞను నడిపితే ఆపకుండానే స్థలం పెరుగుతుంది. అయితే ఎందుకు నిండిందో తెలుసుకోకుండా పెంచితే కొన్ని నెలలకు మళ్ళీ అదే స్థితి వస్తుంది. ఏదో ఒక స్క్రిప్టు నిమిషానికి పదిసార్లు లాగిన్ అవుతూ ప్రతిసారీ ఒక సంఘటనను నమోదు చేస్తూ ఉండవచ్చు. సంఘటనల జాబితాను పేరువారీగా లెక్కపెడితే అటువంటి దోషి వెంటనే బయటపడుతుంది.

ఆశ్రయమిచ్చిన సర్వరు

వీసెంటర్ సాధారణంగా తాను నిర్వహించే సర్వర్లలోనే ఒక వర్చువల్ యంత్రంగా నడుస్తుంది. కాబట్టి తోటి యంత్రాల కష్టసుఖాలన్నీ దానికీ ఉంటాయి. సర్వరు మీద సీపీయూకు పోటీ ఎక్కువైతే వీసెంటర్ కూడా వరుసలో నిలబడవలసిందే. వనరుల కేటాయింపులో దానికి కొంత భాగాన్ని ఖాయం చేయడం ఇందుకు విరుగుడు. డిస్కు జాప్యం నిలకడగా 20 మిల్లీసెకన్లు దాటితే డేటాబేసు తడబడటం మొదలవుతుందని నిర్వాహకులు ఒక గుర్తుగా పెట్టుకొంటారు.

మరచిపోయిన స్నాప్‌షాట్ మరొక సామాన్య కారణం. నవీకరణకు ముందు జాగ్రత్త కోసం వీసెంటర్ స్నాప్‌షాట్ తీస్తారు. పని సజావుగా ముగిసిన ఆనందంలో దానిని తొలగించరు. ఆ తరువాత ప్రతి రాత స్నాప్‌షాట్ ఫైలులోకి పోతూ, ఆ ఫైలు పెరుగుతూ, డిస్కు పనిని నెమ్మదింపజేస్తుంది. ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచరాదని వీఎంవేర్ సూచన. నెలల పాత స్నాప్‌షాట్‌ను తొలగించేటప్పుడు జరిగే విలీనం వలన కూడా కొంతసేపు వీసెంటర్ స్పందించకపోవచ్చు. దానిని పనివేళల్లో చేయకూడదు.

ఇతర కారణాలు

కొన్ని వీసెంటర్‌లను ఒకదానితో ఒకటి జతచేసి ఒకే తెరలో చూసే ఏర్పాటు ఉన్నది. అటువంటి చోట ఒక వీసెంటర్ నెమ్మదిస్తే అందరికీ తెర నెమ్మదిస్తుంది. అలాగే పర్యవేక్షణ సాఫ్టువేర్లు, స్క్రిప్టులు లాగిన్ అయి, పని ముగిశాక లాగౌట్ కాకపోతే వాటి సెషన్లు పేరుకుపోయి ప్రధాన సేవ జ్ఞాపకాన్ని తింటాయి. నిర్వాహకుడు సెషన్ల జాబితాను చూస్తే ఒకే ఖాతా పేరు వందలసార్లు కనబడుతుంది. స్క్రిప్టు చివర సంబంధాన్ని తెంచే ఒక్క వాక్యం రాస్తే ఈ బాధ తీరుతుంది.

సేవను తిరిగి ప్రారంభించడం

వెబ్ క్లయింటు సేవను తిరిగి ప్రారంభిస్తే చాలా సందర్భాలలో వేగం తిరిగి వస్తుంది. అందుకే అది అలవాటుగా మారింది. కొన్నిచోట్ల వారానికొకసారి దానంతటదే తిరిగి ప్రారంభమయ్యేటట్లు ఏర్పాటు చేసుకొన్నవారు కూడా ఉన్నారు. ప్రారంభమైన తరువాత తెర సిద్ధం కావడానికి అయిదు నిమిషాలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటివరకు సర్వరు సిద్ధమవుతున్నదన్న సందేశమే కనబడుతుంది. అత్యవసర వేళ ఈ ఉపాయం వాడేముందు ఆ నిమిషాలు తెర లేకుండా గడపగలమా అని ఆలోచించాలి. పునఃప్రారంభంతో జ్ఞాపకం ఖాళీ అవుతుంది కాని, దానిని నింపిన కారణం పోదు. పైగా ఆ క్షణంలో ఏ సేవ ఎంత జ్ఞాపకం వాడుతున్నదో తెలిపే సాక్ష్యం కూడా పోతుంది. కనుక ముందు విమ్‌టాప్ చూపిన అంకెలను రాసిపెట్టుకొని, లాగ్‌ల ప్రతి తీసుకొని, తరువాత తిరిగి ప్రారంభించడం మేలు.

హెచ్‌టీఎంఎల్5 క్లయింటు

ఫిర్యాదుల ఒత్తిడితో 2015లో వచ్చిన 6.0 కూర్పులో మెనూలను సరళీకరించి, వెబ్ క్లయింటు వేగాన్ని కొంత మెరుగుపరిచారు. 2016 మార్చిలో హెచ్‌టీఎంఎల్5తో రాసిన కొత్త క్లయింటును వీఎంవేర్ ఫ్లింగ్ అనే ప్రయోగాత్మక రూపంలో విడుదల చేసింది. ఫ్లాష్ అవసరం లేని ఈ క్లయింటును నిర్వాహకులు ఉత్సాహంగా ఆహ్వానించారు. వారి సూచనలను అనుసరించి దానికి తరచుగా కొత్త కూర్పులు వచ్చేవి. అదే సంవత్సరం నవంబరులో విడుదలైన 6.5లో దీనికి అధికారిక స్థానం లభించింది కాని, సౌకర్యాలు అసంపూర్ణం. సీ షార్ప్ క్లయింటు మాత్రం అదే కూర్పుతో పోయింది. అందుచేత రెండేళ్ళపాటు ఒక పనికి ఈ తెర, మరొక పనికి ఆ తెర తెరిచే విచిత్ర స్థితి నడిచింది. 2018 అక్టోబరులో వచ్చిన 6.7 మొదటి నవీకరణతో హెచ్‌టీఎంఎల్5 క్లయింటు సంపూర్ణమైంది.

ఈలోగా 2020 చివరితో ఫ్లాష్‌ను నిలిపివేస్తామని అడోబ్ 2017 జూలైలో ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో విడుదలైన వీస్ఫియర్ 7.0లో ఫ్లాష్ క్లయింటు లేదు. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే ఫ్లాష్ విషయాన్ని చూపించడం మానివేసింది. 6.5, 6.7 వాడుతున్నవారికి హెచ్‌టీఎంఎల్5 తెర ఉన్నది కనుక పెద్దగా ఇబ్బంది కలగలేదు. అప్పటికే మద్దతు ముగిసిన 5.5, 6.0 కూర్పులను పాత హార్డువేరు కారణంగా వదలలేకపోయినవారు మాత్రం చిక్కుల్లో పడ్డారు. ఫ్లాష్ అమరిక ఫైలులో తమ వీసెంటర్ చిరునామాను అనుమతించిన జాబితాలో చేర్చి, నవీకరణ నిలిపివేసిన పాత బ్రౌజరు ఉన్న ఒక యంత్రాన్ని అంతర్జాలానికి దూరంగా ప్రత్యేకించి ఉంచుకోవలసి వచ్చింది.